ఫైలుకు యజమాని ఎవరు?
(ఆపరేటింగ్ సిస్టముల పరిణామం)

బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, ఎం.పి.సి.ఎస్.

సంచికకు ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం వాళ్ళు అడిగినపుడు మొదట కాదన్నాను. కవిత రాయడం నాకు చేతకాదు, కథ అంతకన్నా రాదు. "నీ పెన్ డ్రైవు సంగతే రాయరాదా" అన్నాడు మా గదిలో ఉండే మిత్రుడు. వాడు నవ్వులాటకే అన్నాడు గాని, ఆలోచించగా నేను చదివిన మూడేళ్ళ కంప్యూటరు పాఠంలో నాకు నిజంగా అర్థమైన భాగం అదొక్కటేనని తోచింది.

సంగతి ఏమంటే, నాలుగో సెమిస్టరు ప్రాజెక్టు సమర్పించవలసిన వారంలో ప్రింటు తీయించుకుందామని హాస్టలు దగ్గరి ఒక నెట్ సెంటరుకు పోయాను. ప్రింటు బాగానే వచ్చింది. మార్పులు చేద్దామని తిరిగి వచ్చి ల్యాబులో పెన్ డ్రైవు పెడితే ఫైళ్ళు లేవు. వాటి స్థానంలో అవే పేర్లతో, మూలన చిన్న బాణం గుర్తుతో షార్ట్‌కట్లు ఉన్నాయి. ఏమవుతుందో తెలియక ఒకదాన్ని నొక్కాను కూడా. మూడు నెలల పని అది. ఇంట్లో కంప్యూటరు లేదు, మరొక ప్రతి ఎక్కడా దాచుకోలేదు. నా ముఖం చూసి ఎమ్మెస్సీ అన్న ఒకాయన "ఆగు తమ్మీ, ఇంకేం నొక్కకు" అని పెన్ డ్రైవు తీసుకుపోయి లినక్స్ ఉన్న యంత్రానికి పెట్టాడు. తెర మీద నా ఫైళ్ళన్నీ వరుసగా కనబడ్డాయి! ఎక్కడికీ పోలేదు. వైరసు వాటి మీద "దాచినది" అని ఒక గుర్తు పెట్టి ఊరుకున్నది, అంతే. ఆ గుర్తును విండోస్ మన్నించింది. లినక్స్ లెక్కచేయలేదు.

ఒకే డిస్కును చూసి ఒక వ్యవస్థ ఫైళ్ళు లేవంటుంది, మరొకటి ఉన్నాయంటుంది. ఇదెట్లా? "ఆపరేటింగ్ సిస్టం అనగా వాడుకరికి, హార్డువేరుకు మధ్య వారధి" అని రెండు మార్కుల ప్రశ్నకు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ జవాబు ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు. తర్వాత సెలవుల్లో, ఆ అన్న దగ్గరా గ్రంథాలయంలోనూ చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ఇంటికి పోయినపుడు బాపు అడిగాడు: "ఉన్న ఫైళ్ళు లేవని అది ఎట్ల చెప్పింది బిడ్డా?" లోపల అందరికీ వంతులు పంచేది ఒకటుంటది బాపూ, అది చూపిస్తేనే మనకు కనబడ్తది అన్నాను. "అంటే నీరటి లెక్క" అన్నాడు. పుస్తకంలోని వారధి కన్నా ఈ మాట నాకు నచ్చింది. చెరువు కింద సాగు చేసే ఊళ్ళ వాళ్ళకు నీరటి ఎవరో చెప్పనక్కరలేదు. తూము ఎత్తడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూడడం, రాత్రిపూట ఒకరి నీళ్ళు మరొకరు గండి కొట్టి మళ్ళించకుండా కాపలా కాయడం ఆయన పని. ప్రాసెసరు కాలాన్ని, మెమరీని, డిస్కును ప్రోగ్రాముల మధ్య పంచి, ఒకదాని జోలికి మరొకటి పోకుండా చూసేదే ఆపరేటింగ్ సిస్టం.

ఒక గదంత యంత్రం ఒక్కటే ఉండి, వాడేవారు పదులకొద్దీ ఉన్న రోజుల్లో ఈ పంపకం తప్పనిసరి. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో బృందం 1961 నవంబరులో సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థను ప్రదర్శించింది. ప్రాసెసరు కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, తలా ఒక ముక్క ఇస్తూ పోతుంది. కాబట్టి ఎవరికి వారికి యంత్రం తమదేనన్నట్టుంటుంది. ఎవరి ఫైళ్ళు వారికే ఉండాలని సంకేతపదం, అంటే పాస్‌వర్డు అడిగిన తొలి వ్యవస్థలలో ఇదొకటి. ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. ఒకనాడు లాగిన్ అయిన ప్రతివారి టెర్మినల్ మీదా స్వాగత సందేశానికి బదులు అందరి పాస్‌వర్డుల జాబితా వచ్చిపడింది! కారణం చిన్నదే. ఎడిటరు ప్రోగ్రాము పని చేస్తున్నంతసేపు ఒక తాత్కాలిక ఫైలు పెట్టుకుంటుంది. ఒక డైరెక్టరీలో ఒకేసారి ఒకే మనిషి పని చేస్తాడనే ఊహతో దాని పేరు ఎప్పుడూ ఒకటే ఉండేటట్లు రాశారు. ఆ రోజు ఇద్దరు నిర్వాహకులు ఒకే డైరెక్టరీలో కూర్చున్నారు. ఒకరు సందేశం దిద్దుతున్నారు, ఒకరు పాస్‌వర్డుల ఫైలు దిద్దుతున్నారు. రెండూ తారుమారైనాయి. "ఇక్కడ ఉన్నది ఒక్కరే" అనే ఊహ ఎంత పని చేస్తుందో చూడండి. ఈ వ్యాసంలో ఆ ఊహ మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

తర్వాత బెల్ లాబ్స్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ 1969లో మొదలుపెట్టిన యూనిక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక చిట్టా ఉంటుంది. అందులో యజమాని సంఖ్య, సమూహం సంఖ్య, తొమ్మిది అనుమతి గుర్తులు: యజమాని చదవవచ్చునా, రాయవచ్చునా, నడపవచ్చునా, అట్లే సమూహానికి మూడు, తక్కిన లోకానికి మూడు. ఇది ఇప్పటికీ అట్లాగే ఉన్నది.

ఇక సొంత కంప్యూటరు దగ్గరికి వద్దాం. 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800 యంత్రంలో మొదట ఇచ్చిన మెమరీ 256 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. ఈ పేరా కూడా అందులో పట్టదు. ఇటువంటి చిన్న యంత్రాలకు ఫ్లాపీ డిస్కును అందుబాటులోకి తెచ్చినది గ్యారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సి.పి.ఎం. ఆయన చేసిన తెలివైన పని ఏమంటే, యంత్రాన్ని బట్టి మారే భాగాన్ని 'బయాస్' అని వేరుచేసి, మిగతాదంతా ఏ యంత్రానికైనా ఒకటే ఉండేట్లు పెట్టడం. కంపెనీ మారితే ఆ చిన్న భాగం తిరగరాస్తే చాలు. సియాటిల్‌లో టిమ్ పాటర్సన్ అనే ఇంజనీరు 1980లో 8086 ప్రాసెసరు కోసం సి.పి.ఎం. పోలికలతోనే ఒక వ్యవస్థ రాశాడు. దాని హక్కులను మైక్రోసాఫ్ట్ 1981 జూలైలో 50 వేల డాలర్లకు కొన్నది. ఆగస్టు 12న ఐ.బి.ఎం. పి.సి. విడుదలైనపుడు అదే పి.సి. డాస్. ఇతర కంపెనీలకు అమ్ముకునే హక్కు మాత్రం మైక్రోసాఫ్ట్ తన దగ్గరే ఉంచుకున్నది. ఆ పేరు ఎమ్మెస్ డాస్. తక్కిన వ్యాపార చరిత్ర అందరికీ తెలిసిందే, నా వ్యాసానికి దానితో పని లేదు.

నాకు పనికివచ్చేది ఆ డాస్ ఫైళ్ళను రాసుకున్న పద్ధతి. దాన్ని ఫ్యాట్ అంటారు. ఇందులో ఒక్కొక్క ఫైలుకు డైరెక్టరీలో 32 బైట్ల పద్దు. పేరుకు 8 అక్షరాలు, చివరి భాగానికి 3. తర్వాత గుర్తులకు ఒక్క బైటు: చదవడానికి మాత్రమే, దాచినది, సిస్టముది, ఇట్లా. తేదీ, మొదటి ముక్క ఎక్కడున్నది, మొత్తం ఎంత. అంతే. నేను పుస్తకంలో ఆ పటాన్ని ఒకటికి రెండుసార్లు వెతికాను. యజమాని ఎవరో రాసే చోటే లేదు! సర్వే నంబరు, విస్తీర్ణం, పంట అన్నీ ఉండి పట్టాదారు గడి లేని పహాణీ వంటిది. పైగా "దాచినది" అనే గుర్తు ఎవరు పెట్టారు, తీసే అధికారం ఎవరిది అనే ప్రశ్నే లేదు. ఎవరైనా పెట్టవచ్చు, ఎవరైనా తీయవచ్చు. నెట్ సెంటరు వైరసు చేసింది అదే.

దీన్ని తెలివితక్కువతనం అనుకోరాదు. ఆ పి.సి. అన్నింటికన్నా చౌక రకంలో మెమరీ 16 కిలోబైట్లు. వాడేది ఒక్క మనిషి. యంత్రం మొత్తం ఆయనదే అయినపుడు యజమాని పేరు ఎందుకు? సొంత పొలంలో సొంత బోరు వేసుకున్నవాడికి నీరటితో ఏం పని? అదీగాక 8088 ప్రాసెసరులో గోడ కట్టే వసతే లేదు. ఏ ప్రోగ్రామైనా మెమరీలో ఎక్కడైనా రాయవచ్చు, ఆపరేటింగ్ సిస్టం కూర్చున్న చోటు మీద కూడా రాయవచ్చు. అది ఒక్క మెగాబైటు వరకే చూడగలదు. అందులో పై భాగాన్ని తెరకు, ఇతర పరికరాలకు కేటాయించగా ప్రోగ్రాములకు మిగిలింది 640 కిలోబైట్లు. ఈ హద్దుతో పదేళ్ళకు పైగా లోకం కుస్తీ పట్టింది.

1984లో వచ్చిన మ్యాకింటాష్, 1985 నవంబరులో వచ్చిన విండోస్ తెరను అందంగా మార్చాయి. కింద ఉన్నది మారలేదు. 1990 నాటి విండోస్ 3.0లో నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి తెరచుకోవచ్చు గాని, ఒక్కొక్కటి "నా వంతు అయింది" అని తానై ప్రాసెసరును వదిలితేనే మరొకదానికి దొరికేది. మ్యాకింటాష్‌లోనూ ఇదే పద్ధతి 2001 దాకా సాగింది. ఇది రైతులే తమ మడి నిండగానే కట్ట వేసి పక్కవాడికి నీళ్ళు వదలడం వంటిది. మంచివాళ్ళున్నంతకాలం బాగుంటుంది. ఒక ప్రోగ్రాము మొరాయించిందా, మొత్తం తెర కొయ్యబారిపోయేది. యూనిక్స్‌లోనైతే గడియారం గంట కొట్టగానే ఆపరేటింగ్ సిస్టమే వంతు లాక్కుంటుంది. ప్రోగ్రాము మంచితనంతో దానికి పని లేదు.

ఈలోగా ఆఫీసుల్లో మరొక కథ నడిచింది. హార్డు డిస్కు ఖరీదైన వస్తువు. 1983 నాటి ఐ.బి.ఎం. పి.సి. ఎక్స్.టి.లో ఉన్నది 10 మెగాబైట్లు. ఈనాడు మన ఫోనుతో తీసే రెండు మూడు ఫోటోలకే అది నిండుతుంది. ప్రతి బల్ల మీదా ఒకటి పెట్టలేరు కనుక, ఒక పెద్ద డిస్కు కొని తీగలతో అందరికీ కలపాలనుకున్నారు. మొదట్లో డిస్కునే నేరుగా పంచేవారు. ప్రతి పి.సి. అది తన సొంత డిస్కే అనుకుని స్వయంగా ముక్కలు రాసుకునేది. ఇద్దరు ఒకే సమయంలో ఖాళీ ముక్క వెతికితే ఇద్దరికీ అదే దొరికేది. ఒకరి లెక్కల మీద మరొకరి ఉత్తరం! సి.టి.ఎస్.ఎస్. తాత్కాలిక ఫైలు కథే మళ్ళీ.

అమెరికాలో ఉటా రాష్ట్రానికి చెందిన నావెల్ కంపెనీ 1983లో తెచ్చిన నెట్‌వేర్ దీనికి సరైన మందు కనిపెట్టింది. డిస్కు జోలికి ఎవరూ పోరాదు. "నాకు ఫలానా ఫైలు కావాలి" అని సర్వరును అడగాలి. రాయడం, తీయడం అంతా సర్వరే చేస్తుంది. పి.సి.లో డాస్ అట్లాగే ఉంటుంది. దాని పక్కన ఒక చిన్న ప్రోగ్రాము కాపు కాసి, డాసును ఎవరైనా ఫైలు అడిగినపుడు ఆ కోరిక తన డిస్కుదా, తీగ అవతలిదా అని చూసి అవతలిదైతే సర్వరుకు పంపుతుంది. వాడే మనిషికి అది 'ఎఫ్' అనే మరొక డ్రైవులాగా కనబడుతుంది. సర్వరులో మాత్రం పేరు, పాస్‌వర్డు, సమూహం, ఏ డైరెక్టరీ మీద ఎవరికి ఏ హక్కు అనే పట్టిక అంతా ఉన్నది. అంటే, పి.సి. వదిలేసిన పట్టాదారు గడి తీగ అవతల తిరిగి పుట్టింది. దీన్నే నెట్‌వర్కు ఆపరేటింగ్ సిస్టం అన్నారు. నన్నడిగితే పి.సి. చరిత్రలో చెప్పుకోదగ్గ మలుపు రంగురంగుల కిటికీలు కాదు, ఇది.

నెట్‌వేర్ అంత వేగంగా నడవడానికి ఒక రహస్యం ఉంది. దాని పతనానికి అదీ ఒక కారణమే. సర్వరు లోపల నడిచే భాగాల మధ్య గోడలు కట్టలేదు. వంతులు కూడా మంచితనం మీదే నడిచేవి. ఫైళ్ళు ఇవ్వడం, ప్రింటు తీయడం వరకైతే అది చాలా బాగా పనిచేసింది. డేటాబేసు వంటి పెద్ద ప్రోగ్రాములను కూడా సర్వరు మీదనే నడపాలనుకున్నపుడు, ఒక్కటి చెడితే సర్వరంతా కూలేది. పైగా నావెల్ వారి సొంత భాష ఐ.పి.ఎక్స్. లోకమంతా ఇంటర్నెట్టు భాష అయిన టి.సి.పి./ఐ.పి. వైపు మళ్ళింది. నెట్‌వేర్ పూర్తిగా ఆ భాష మాట్లాడింది 1998లో, అయిదో కూర్పుతో. అప్పటికి ఆలస్యమైపోయింది. 2003లో నావెల్ కంపెనీయే ఒక లినక్స్ సంస్థను కొంటున్నట్లు ప్రకటించింది.

బోర్ల సంగతి పైన అన్నాను గదా. మా దగ్గర అందరూ బోర్లు వేసుకున్నాక నీరటి మాట ఎవరూ ఎత్తలేదు. కొన్నేళ్ళకు, పక్క పొలంలో లోతుగా వేసిన బోరు మొదలు కాగానే మాది ఆగిపోవడం మొదలైంది. పైన గట్టు ఉంది గాని కింద నీళ్ళు ఒకటే. పి.సి.కి తీగ తగిలించగానే అయింది అదే. నిజానికి తీగ కూడా అక్కరలేకపోయింది. 1986లో లాహోరులో పుట్టిన 'బ్రెయిన్' వైరసు ఫ్లాపీల మీద చేతులు మారుతూనే దేశదేశాలు తిరిగింది.

యూనిక్స్ వాళ్ళు మాత్రం గోడలున్నాయి కదా అని నిశ్చింతగా ఉన్నారు. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన ప్రోగ్రాము ఇంటర్నెట్టులోని వేలాది యూనిక్స్ యంత్రాలను ఒక్క రాత్రిలో కదలనీయకుండా చేసింది. అది దూరిన దారుల్లో ఒకటి, 512 బైట్ల చోటులో ఎంత పొడుగు మాట వచ్చినా కొలవకుండా పోసుకునే ఒక సేవ. మరొకటి, "పక్క యంత్రం చెప్పింది గనుక నిజమే" అని పాస్‌వర్డు అడగకుండా తలుపు తీసే ఏర్పాటు. కాబట్టి యజమాని గడి ఉన్నంత మాత్రాన సరిపోదు, అడిగేవాడు నిజంగా వాడేనా అని కూడా చూడాలి.

1985లో ఇంటెల్ 80386 ప్రాసెసరు వచ్చింది. మెమరీలో ప్రోగ్రాముకూ ప్రోగ్రాముకూ మధ్య గట్టి గోడ కట్టే వసతి, పెద్ద యంత్రాలలో ఉన్నంత, దీనితో బల్ల మీది పి.సి.కి వచ్చింది. కాని డాస్ ప్రోగ్రాములు లక్షల యంత్రాలలో నడుస్తున్నాయి, వాటిని కాదనే ధైర్యం ఎవరికుంది? రెండు వైపుల నుండి పని మొదలైంది. మైక్రోసాఫ్ట్ 1988లో డేవ్ కట్లర్‌ను తెచ్చుకున్నది. డిజిటల్ కంపెనీలో వి.ఎమ్.ఎస్. అనే పెద్ద వ్యవస్థను రూపొందించిన వారిలో ఆయన ముఖ్యుడు. ఆయన బృందం 1993 జూలైలో విండోస్ ఎన్.టి. విడుదల చేసింది. దానితో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్.లో ప్రతి ఫైలుకూ యజమాని ఉన్నాడు, ఎవరికి ఏ హక్కు అనే పట్టిక ఉన్నది. ఇళ్ళలోని విండోస్‌కు ఇది చేరడానికి 2001 దాకా, అంటే ఎక్స్.పి. దాకా పట్టింది. చేరినా, పాత ప్రోగ్రాములు నడవవనే భయంతో ఇంట్లో అందరినీ నిర్వాహకులుగానే పెట్టారు. గోడ కట్టి తలుపు బార్లా తెరిచినట్టైంది. 2003 ఆగస్టులో 'బ్లాస్టర్' అనే పురుగు, ఎవరూ ఏమీ నొక్కకుండానే, ఇంటర్నెట్టుకు తగిలించి ఉన్న ఎక్స్.పి. యంత్రాలలోకి జొరబడింది. మరుసటి ఏడాది రెండో సర్వీసు ప్యాకుతో ఫైర్‌వాలు ముందుగానే వేసి ఇవ్వడం మొదలైంది.

రెండో వైపు ఒక విద్యార్థి. ఫిన్లండులో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ 386 యంత్రం కొనుక్కుని, యూనిక్స్ వంటి దానిని తానే రాయడం మొదలుపెట్టి 1991 ఆగస్టులో ఆ సంగతి బయటపెట్టాడు. అప్పటికి ఆయనకు 21 ఏళ్ళు. నాకన్నా ఒక్క ఏడు పెద్ద! రిచర్డ్ స్టాల్‌మన్ 1983 నుండి నడుపుతున్న గ్నూ ఉద్యమం వారి పనిముట్లు, లైసెన్సు దానికి తోడైనాయి. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. నావంటి వాడికి ఇందులో ఉన్న లాభం డబ్బు ఒక్కటే కాదు. పాత యంత్రం మీద నడుస్తుంది, అది నిజమే. అంతకన్నా, ఎట్లా పనిచేస్తుందో తెరిచి చూడవచ్చు. నా ఫైళ్ళు ఎందుకు కనబడ్డాయో ఆ అన్న నాకు చూపించింది అట్లాగే. ఫ్యాట్ డిస్కు పెట్టగానే లినక్స్‌కు ఒక చిక్కు వస్తుంది: ప్రతి ఫైలుకూ యజమాని ఉండాలి, ఇందులో ఎవరూ లేరు. అందుకని డిస్కు ఎవరు పెట్టారో ఆయన్నే అన్నింటికీ యజమానిగా లెక్క రాసుకుంటుంది. "దాచినది" అనే డాస్ గుర్తుకు తన లెక్కలో చోటే ఇవ్వదు. యూనిక్స్‌లో చుక్కతో పేరు మొదలైతేనే దాచినట్టు. అంతకు మించి మాయ లేదు.

అయితే ఒక ప్రశ్న నన్ను చాలా రోజులు పీడించింది. ల్యాబులో ఆ షార్ట్‌కట్‌ను నొక్కింది నేనే గదా? అది నడిచింది నా పేరు మీద. నా ఫైళ్ళు చెడగొట్టే హక్కు నాకుంది గనుక దానికీ ఉంది. యూనిక్స్ తొమ్మిది గుర్తులు ఇతరుల నుండి నన్ను కాపాడతాయి గాని, నేను తెలియక నడిపిన దాని నుండి కాపాడవు. 1969లో ప్రోగ్రాము రాసిందీ నడిపిందీ చాలావరకు ఒకరే కనుక ఆ ప్రశ్న అంతగా రాలేదు. దీనికి జవాబు మన జేబులోనే ఉన్నది. 2008లో మార్కెట్టుకు వచ్చిన ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్సే. దాని రూపకర్తలు ఆ పాత యజమాని సంఖ్యనే తీసుకుని, ఫోనులో ఉండే మనిషి ఒక్కడే కనుక, మనిషికి బదులు ప్రతి యాప్‌కూ ఒక సంఖ్య ఇచ్చారు. ఒక యాప్ తన ఫైళ్ళు మరొకదానికి తెలియకుండా దాచుకోవచ్చు. ఫోటోలు కావాలన్నా, మైకు కావాలన్నా మనల్ని అడగాలి. ఒక్క మనిషి వాడే యంత్రం లోపల ఒక ఊరు ఊరంతా పక్కపక్కన కాపురం ఉంటున్నది. అడిగిన ప్రతిదానికీ మనం "సరే" నొక్కుతున్నామనేది వేరే సంగతి.

ఇదంతా చదివాక నాకు కొంచెం గర్వం వచ్చి, నా పెన్ డ్రైవును ఫ్యాట్ నుండి తీసేసి లినక్స్ వారి ఈ.ఎక్స్.టి.4 పద్ధతిలోకి మార్చాను. ఇక ప్రతి ఫైలు మీదా నా సంఖ్య, వెయ్యి, ఉంటుంది గదా అనుకున్నాను. అన్న యంత్రంలో పెడితే ఆ ఫైళ్ళన్నీ ఆయనవని చూపించింది. ఆయన యంత్రంలో వెయ్యో నంబరు ఆయనది మరి! ఈ చిక్కు తీరాలంటే యంత్రాలన్నీ కలిసి ఒక్క పేర్ల పట్టికను ఒప్పుకోవాలి. నెట్‌వేర్, ఎన్.టి. సర్వర్లు ఇంతకాలం మోసిన బరువు అదే. మరునాడు హాల్ టికెట్టు ప్రింటు కోసం మళ్ళీ నెట్ సెంటరుకు పోయాను. ఆ యంత్రం నా డిస్కును చూసి, ఇది చదవలేను, ఫార్మాటు చేయమంటారా అని అడిగింది. వద్దని గదికి వచ్చి, ఫైళ్ళు వేరే చోట పెట్టుకుని, మళ్ళీ ఫ్యాట్ లోకే మార్చుకున్నాను.